లాగింది నేనే

జాబెజ్ హాల్రాయిడ్ ఆ పొద్దున ఎవరి మీదా చెయ్యి చేసుకోవాలని ఇంట్లోంచి బయల్దేరలేదు. కొండల నుంచి ఒంటెల మీద దిగిన కాఫీ రేవులో తూకానికి సిద్ధంగా ఉంది. హమాలీల పెద్ద అవద్ బాజుబైర్ త్రాసు ముందు నిలబడ్డాడంటే ఎంతసేపైనా పోట్లాడతాడు. ఎండ ముదరకముందే ఆ పోట్లాట కాస్తా కానిచ్చేద్దామని జాబెజ్ గబగబా నడుస్తున్నాడు. అరబ్బు దేశపు రేవు మోఖాలో ముప్పై ఏళ్ళుగా అతని వ్యాపారం ఇలాగే సాగుతోంది.

సుంకం కచేరి వెనకాల సందు బాగా ఇరుకు. ముందు ముర్జాన్ నడుస్తున్నాడు. నీళ్ళు మోసి బతికే ముసలాయన, రెండు చెవులూ సరిగా వినపడవు. వీపున నీళ్ళు నిండిన తోలు తిత్తి, దాని బరువుకి నడుం సగానికి వంగిపోయి ఉంది. వెనక నుంచి గుర్రం డెక్కల చప్పుడు, దాని మీద కేక.

"తప్పుకో! ఏయ్, తప్పుకో!"

ఆ గుర్రం మీదున్నవాడు నెటిల్‌షిప్. జాబెజ్ కాక ఊళ్ళో ఉన్న ఇంకో ఇంగ్లీషు వర్తకుడు. వచ్చి రెండేళ్ళు కాలేదు గానీ, ఇక్కడ సుంకం ఎక్కువనీ, జనానికి భయం తక్కువనీ రోజూ సణుగుతూనే ఉంటాడు. ముర్జాన్ తప్పుకోలేదు. వినపడితే కదా తప్పుకోవడానికి. నెటిల్‌షిప్ కొరడా ఝళిపించాడు. మొదటి దెబ్బకి తిత్తి చిరిగి నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. ముసలాయన ఏమైందో తెలియక వెనక్కి తిరిగాడు. రెండో దెబ్బ మెడ మీద పడింది. మూడో దెబ్బకి చెయ్యి లేచింది.

ఆ చెయ్యి కిందికి దిగలేదు. జాబెజ్ ఎప్పుడు పరిగెత్తాడో అతనికే తెలీదు. నెటిల్‌షిప్ నడుం పట్టీ దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజాడు. మనిషి దబ్బున ముర్జాన్ తిత్తి నీళ్ళతో అయిన బురదలోనే పడ్డాడు. టోపీ దొర్లుకుంటూ వెళ్ళి ఒక మేక ముందు ఆగింది. మేక దాన్ని వాసన చూసి మొహం తిప్పుకుంది.

అంతే, సందంతా గొల్లుమంది. చుట్టుపక్కల అంగళ్ళలోంచి జనం ఉరికొచ్చారు. ఎవరో పేడ విసిరారు, ఎవరో చెప్పు విసిరారు. ఊరినేలే అమీర్ సిపాయిలు వచ్చి నెటిల్‌షిప్‌ను చుట్టూ కాపుకాసి ఇంటికి చేర్చకపోతే ఆ రోజు ఇంకేమయ్యేదో.

"హాల్రాయిడ్, నువ్వు మనవాడివేనా?" అని అరుస్తూ వెళ్ళాడు నెటిల్‌షిప్.

"నిన్ను చూశాక నాకూ అనుమానంగానే ఉంది," అన్నాడు జాబెజ్.

తర్వాత ముర్జాన్‌ని తన అరుగు మీద కూర్చోబెట్టి, మెడకి నూనె రాయించి, కొత్త తిత్తి కొనిచ్చి రేవుకి వెళ్ళాడు. అవద్‌కి అప్పటికే కబురు అందింది.

"జాబిర్, ఆలస్యంగా వచ్చావేం? గుర్రాల బేరం పెట్టావా?" అన్నాడు నవ్వుతూ.

"త్రాసు పట్టు ముందు. నీ బొటనవేలు పళ్ళెం మీంచి తియ్యి."

అతన్ని ఊరంతా జాబిర్ అనే పిలుస్తుంది. జాబెజ్ అనడానికి వాళ్ళ నోళ్ళు తిరగలేదో, వాళ్ళకి ఆ పేరే నచ్చిందో, మొత్తానికి అతనికీ అదే అలవాటైంది. పుట్టింది ఇంగ్లండులో, హడర్స్‌ఫీల్డు పక్కన, ఉన్ని బట్ట నేసే ఇంట్లో. మగ్గం చప్పుడు లేని రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. కుర్రతనంలోనే బొంబాయి చేరి, ఒక వర్తకుల కొట్టులో గుమాస్తాగా కుదిరాడు. వాళ్ళు అతన్ని ఉన్ని బట్టల మూటలతో మోఖాకి పంపారు. ఆ ఎండలో ఉన్ని కట్టుకునేవాడు ఎవడని రేవులో జనం పడిపడి నవ్వారు. జాబెజ్ ఆ మూటల్ని సనా కొండల్లోకి మోయించి, చలికి వణికే ఊళ్ళలో అమ్మి, బదులు కాఫీ దింపుకొచ్చాడు. మరుసటేడు ఉప్పునీళ్ళలో తడిసిన కాఫీని మంచి కాఫీలో కలిపి ఓడకెక్కించమని యజమాని నుంచి ఉత్తర్వు వచ్చింది. కుదరదన్నాడు. ఉద్యోగం పోయింది. బొంబాయి వెళ్ళే ఓడ ఎదురుగా నిలబడి ఉన్నా ఎక్కకుండా, ఇక్కడే సొంతంగా కొట్టు పెట్టుకున్నాడు.

వలెత్త కలిసింది ఆ తర్వాతే. ఎర్రసముద్రం అవతలి ఒడ్డు నుంచి తేనె, మైనం అమ్ముకునే మేనమామతో వచ్చిన హబష్ దేశపు క్రైస్తవురాలు. మేనమామ జ్వరంతో పోయాడు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. మిగిలిన మైనాన్ని తనే బేరం పెట్టింది. కొనడానికి వెళ్ళిన జాబెజ్‌ని ఎండలో నిలబెట్టి మరీ ధర పెంచింది. జెరూసలేముకి కాలినడకన పోతున్న వాళ్ళ దేశపు సన్యాసి ఒకాయన మోఖాలో ఆగినప్పుడు, ఆయన చేత ఆశీర్వాదం చెప్పించుకుని ఇద్దరూ ఒక ఇంటివాళ్ళయ్యారు. పిల్లలు కలగలేదు. ఆ ఇంట్లో మాటలకి మాత్రం కొదవ లేదు.

నెటిల్‌షిప్ ఆ వారంలోనే బొంబాయి ఓడెక్కి వెళ్ళిపోయాడు. పీడ విరగడైందనుకుని జాబెజ్ ఆ సంగతే మర్చిపోయాడు.

గాలి మళ్ళిన నెలలో ఫిరంగుల ఓడ ఒకటి వచ్చి రేవుకి ఎదురుగా లంగరు దించింది. దాని పక్కల ఉన్న ఫిరంగి కిటికీలన్నీ ఊరి వైపే తెరిచి ఉన్నాయి. దాని మీద నెటిల్‌షిప్ ఉన్నాడు. ఓడ అధికారి కెప్టెన్ స్ట్రాకన్ అమీర్‌కి కబురు పంపి, తర్వాత జాబెజ్‌ని భోజనానికి పిలిచాడు.

ఎదురుగా నెటిల్‌షిప్ కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఉప్పు వేసిన ఎద్దుమాంసం, చక్కెరపాకంలో వేసిన పళ్ళు. జాబెజ్ అలాంటి భోజనం చేసి ఎన్నో ఏళ్ళయింది. రుచి మాత్రం ఏమీ తెలియలేదు.

"మీరు చూశారట కదా," అన్నాడు స్ట్రాకన్. "ఈ ఊరి జనం మన జాతి వర్తకుణ్ణి గుర్రం మీంచి ఈడ్చి కొట్టారు. మన జెండాకే అవమానం. ఈడ్చినవాణ్ణి రేపు మధ్యాహ్నం లోపు అమీర్ మాకు అప్పగించాలి. ఓడ స్తంభానికి కట్టి కొరడాతో కొట్టిస్తాం. దాంతోపాటు సుంకం సగానికి తగ్గించాలి. లేదంటే ఊరి మీద ఫిరంగులు పేలతాయి. మీరు సాక్ష్యం చెప్పాలి."

జాబెజ్ చేతిలో చాకు కింద పెట్టాడు. "ఈడ్చింది ఎవరని చెప్పాడు ఈయన?"

"ఎవరో నీళ్ళు మోసే ముసలాడు. ముర్జాన్."

జాబెజ్‌కి నవ్వొచ్చింది. నెటిల్‌షిప్ వైపు తిరిగాడు. అతను పళ్ళెంలోంచి తలెత్తలేదు.

"కెప్టెన్ గారూ, ఈయన్ని లాగింది నేనే. ఈ చేత్తోనే. చెవిటి ముసలాయన్ని కొరడాతో కొడుతుంటే లాగాను. మళ్ళీ కొడితే మళ్ళీ లాగుతాను."

స్ట్రాకన్ నెటిల్‌షిప్‌ని ఒక చూపు చూసి, గ్లాసు నింపుకున్నాడు.

"ఆ మాట నాకు వినపడలేదు," అన్నాడు నింపాదిగా. "నేను ఇంత దూరం వచ్చింది ఇద్దరు ఇంగ్లీషువాళ్ళ తగువు తీర్చడానికి కాదు. ఓ ముసలాడికి పది దెబ్బలు పడతాయి, సుంకం తగ్గుతుంది. ఆ తగ్గింపు మీకూ వర్తిస్తుంది కదా. మీరు మాట్లాడకుండా కూర్చుంటే చాలు."

"పది దెబ్బలకి ఆయన చచ్చిపోతాడు."

"చావకుండా కొడతారు మా వాళ్ళు. అలవాటే." స్ట్రాకన్ గొంతు మారింది. "రేపు మధ్యాహ్నానికల్లా ఓడెక్కు, హాల్రాయిడ్. ఒకవేళ ఫిరంగులు పేలితే ఒడ్డున మనవాళ్ళు ఉండకూడదు."

"నా భార్య?"

"ఎవరూ, ఆ హబష్ ఆడమనిషా? పెళ్ళి ఏ చర్చిలో అయింది?"

జాబెజ్ లేచి టోపీ తీసుకున్నాడు. "మీ మాంసం బాగా ఉప్పగా ఉంది," అని చెప్పి తాడు నిచ్చెన దిగిపోయాడు.

ఇంటికొచ్చేసరికి అవద్ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ నవ్వే మొహం వాడిపోయి ఉంది. వలెత్త కాఫీ పొట్టుతో కాచిన ఖిషిర్ పోసి ముందు పెట్టినా ముట్టలేదు.

"ముర్జాన్‌ని అమీర్ మనుషులు పట్టుకెళ్ళారు," అన్నాడు. "కోట కింద గదిలో పడేశారు. రేపు అప్పగిస్తారట."

"ఆయన చెప్పలేదా, లాగింది నేనని?"

"చెప్తాడా? ఎవరు చెప్పారు చెప్పు? ఆ సందులో ఊరు ఊరంతా ఉంది. అమీర్ ఒక్కొక్కర్నీ పిలిచి అడిగాడు. రొట్టెలు కాల్చేవాడు ఏమీ చూడలేదన్నాడు. మంగలివాడు ఆ రోజు కళ్ళు మండుతున్నాయన్నాడు. నేను అసలు ఊళ్ళోనే లేనన్నాను." అవద్ తల దించుకున్నాడు. "నీ పేరు బయటికొస్తే మీవాళ్ళు నిన్ను గొలుసులేసి పట్టుకుపోతారని అందరం నోళ్ళు కుట్టేసుకున్నాం. ముసలాయన మీదకి పోతుందని ఎవరికి తెలుసు?"

జాబెజ్ దిగ్గున లేచాడు. పెద్దగా కేకేశాడు. "మిమ్మల్ని ఎవడు అడిగాడు రా నన్ను దాచమని! నేనేమైనా దొంగతనం చేశానా?"

"అరవకు," అంది వలెత్త. "అతని మీద అరిస్తే ఓడ వెనక్కి పోతుందా?" తర్వాత అవద్ వైపు తిరిగింది. "ఇప్పుడు ఈయన వెళ్ళి నేనే అన్నాడనుకో. ఏమవుతుంది?"

"అప్పుడు ముసలాయన దక్కుతాడు. ఓడవాడికి కోపం వచ్చి ఊరు కాలిపోతుందేమో." అవద్ తల పట్టుకున్నాడు. "జాబిర్, నాకు ఆరుగురు పిల్లలు. రేవు పక్కనే ఇల్లు. ఒక్క మనిషి దెబ్బలు తింటే ఊరు మిగులుతుందంటే... ఏం చెప్పమంటావు నన్ను?"

"ఏమీ చెప్పొద్దు. పిల్లల్ని తీసుకుని పొద్దున్నే ఊరి బయట తోటల వైపు పో."

అవద్ లేచి వెళ్ళిపోయాడు. వలెత్త గ్లాసు తీసి, చల్లారిన ఖిషిర్‌ని తనే తాగేసింది.

"నిన్ను ఓడెక్కమన్నారా?" అని అడిగింది.

"అన్నారు."

"నన్ను?"

జాబెజ్ టోపీ తీసి మేకుకి తగిలించాడు. ఆమెకి అర్థమైంది. లేచి మెంతిపిండి గిన్నె ముందుకి లాక్కుని గిలకొట్టడం మొదలుపెట్టింది. చెయ్యి మాత్రం మామూలు కంటే గట్టిగా పడుతోంది.

"ఎక్కనన్నావు కదా?"

"మాంసం ఉప్పగా ఉందని చెప్పి వచ్చేశాను."

"ఆ మాటొక్కటేనా? ఇంకా నాలుగు తగిలించి రావాల్సింది," అంది ఆమె.

మర్నాడు తెల్లవారగానే అమీర్ యాకూత్ అతన్ని కోటకి పిలిపించాడు. అమీర్ పొట్టిగా, లావుగా ఉంటాడు. ఎదుటివాళ్ళని ఎండలో నిలబెట్టి తను నీడలో కూర్చోవడం ఆయనకి అలవాటు. ఆ పొద్దున మాత్రం పక్కన దిండు చూపించాడు.

"కూర్చో జాబిర్. రాత్రంతా నిద్ర లేదు నాకు. మీ ఓడవాడు సుంకం సగం చెయ్యమంటాడు. ఆ సగంతో నేను సిపాయిలకి ఏం పెట్టాలి, సనాలో ఉన్న ఇమాముకి ఏం పంపాలి? అందుకని ముసలాణ్ణి ఇచ్చేసి, సుంకం సంగతి బేరమాడదామనుకుంటున్నాను."

"ముర్జాన్ ఏ తప్పూ చెయ్యలేదు. లాగింది నేనే."

అమీర్ కళ్ళు చిన్నవి చేసుకుని చూశాడు. ఆశ్చర్యపోయినట్టు లేదు. "అనుకున్నాను. అందరికీ ఒకేసారి కళ్ళు పోయాయంటే ఏదో ఉందని." దగ్గరికి వంగాడు. "అయితే ఒక దారి ఉంది. ఇప్పుడే, ఇక్కడే, మా మతంలోకి వచ్చేయ్. తలపాగా నేనే కడతాను. నువ్వు నా మనిషివి అవుతావు. నా మనిషి ఎవణ్ణి గుర్రం దించితే వాడికేం? ఓడవాడితో నేను మాట్లాడుకుంటాను. ఇల్లిస్తాను, రేవులో పెత్తనం ఇస్తాను."

"అమీర్, మీ ఊళ్ళో ముప్పై ఏళ్ళున్నాను. మీ ప్రార్థన వేళకి త్రాసు ఆపాను. మీ ఉపవాసాల్లో పగలు వీధిలో నీళ్ళు కూడా తాగలేదు. అదంతా నా ఇష్టంతో చేశాను. ఫిరంగి చూసి మతం మారితే మీ దేవుడికీ నేను పనికిరాను, నా దేవుడికీ పనికిరాను."

"మొండిఘటానివి."

"అవును. ముర్జాన్‌ని వదిలేయండి."

"వదలను," అన్నాడు అమీర్. దిండు వెనక్కి లాక్కున్నాడు. "నీ మాట ఆ ఓడవాళ్ళు ఒప్పుకుంటే అప్పుడు చూద్దాం. నా ఊరిని నీ మొండితనానికి పందెం పెట్టలేను."

ఆ మాటలో న్యాయం లేకపోలేదని జాబెజ్‌కి తెలుసు. కోట మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాడు. ఫిరంగులు పేలితే పోయేది తన ఇల్లొక్కటే కాదు. రొట్టెలవాడి ఇల్లు, మంగలివాడి ఇల్లు, అవద్ పిల్లలు. ఊరు తనని కాపాడడానికి నోరు మూసుకుంది. తను నోరు తెరిస్తే ఊరు కాలొచ్చు. తెరవకపోతే చెవిటి ముసలాయన తనకి పడాల్సిన దెబ్బలు తింటాడు. వీధి చివరిదాకా ఆలోచించాడు. ఎంత ఆలోచించినా, ముర్జాన్‌ని స్తంభానికి కడుతుంటే చూస్తూ నిలబడ్డ తన్ను తాను ఊహించుకోలేకపోయాడు. ఇక అక్కడితో ఆలోచన మానేశాడు.

మధ్యాహ్నానికి రేవు కిటకిటలాడిపోతోంది. తోటలకి పోయినవాళ్ళకంటే పోనివాళ్ళే ఎక్కువ. అమీర్ గొడుగు కింద తివాచీ పరిపించుకుని కూర్చున్నాడు. చేతులు వెనక్కి కట్టి ముర్జాన్‌ని తీసుకొచ్చారు. ఆయనకి జరిగేదేదీ వినపడటం లేదు. అందరి మొహాల్లోకీ ఒక్కొక్కటిగా చూస్తున్నాడు. ఓడ నుంచి పడవ వచ్చి మెట్లకి ఆనుకుంది. అందులో స్ట్రాకన్, నెటిల్‌షిప్, తుపాకులు పట్టిన సిపాయిలు, తెడ్లు వేసే నావికులు ఉన్నారు.

స్ట్రాకన్ మెట్లెక్కి నేరం చదవబోయాడు. జాబెజ్ జనాన్ని తోసుకుంటూ వచ్చి ముర్జాన్‌కి ముందు నిలబడ్డాడు.

"పక్కకి తప్పుకో, హాల్రాయిడ్."

జాబెజ్ తప్పుకోలేదు. మొదట పడవలోవాళ్ళకి వినపడేలా ఇంగ్లీషులో, ఆ వెంటనే ఊరందరికీ వినపడేలా అరబ్బీలో కేక పెట్టి చెప్పాడు.

"నెటిల్‌షిప్‌ని గుర్రం మీంచి లాగింది నేనే! ఈయన కాదు. ఈ ఊరివాడెవడూ కాదు. వినపడని మనిషిని వెనక నుంచి కొరడాతో కొట్టాడు, అందుకు లాగాను. జెండాకి అవమానం జరిగిందంటున్నారు. జరిగింది, నిజమే. చేసినవాడు ఆ పడవలోనే కూర్చున్నాడు, అడగండి!"

రేవంతా ఒక్కసారి హోరెత్తింది. స్ట్రాకన్ మొహం కందగడ్డలా అయింది.

"ఈ మనిషి అబద్ధమాడుతున్నాడు."

"అబద్ధమా? నెటిల్‌షిప్, లే. లేచి నిలబడు. నీ నడుం పట్టీ పట్టుకుని గుంజింది ఈ చెయ్యా, ఆ చెయ్యా? ఆయన ఎత్తు చూడు, నీ గుర్రం ఎత్తు చూడు. ఆయన నిన్ను అందుకోవాలంటే నిచ్చెన వేసుకోవాలి!"

పడవలో ఒక ముదురు నావికుడు ఫక్కున నవ్వాడు. "ఆ యాస మా యార్క్‌షైర్‌ది. లాగింది ఆయనే అయ్యుంటాడు," అన్నాడు పక్కవాడితో, అందరికీ వినపడేలా. మిగతా నావికులు తెడ్ల మీదకి వంగి నవ్వు దాచుకున్నారు. నెటిల్‌షిప్ లేవలేదు. కాదని కూడా అనలేదు.

"సరే," అన్నాడు స్ట్రాకన్ పళ్ళు బిగించి. "అయితే నేరం నీది. పడవెక్కు. బొంబాయిలో విచారణ."

"ఎక్కను. ఇంగ్లీషువాణ్ణి ఇంగ్లీషువాడు కింద పడేస్తే మోఖా మీద ఫిరంగి ఎందుకు పేలాలో ముందు నువ్వు చెప్పు. ఫిర్యాదుంటే అతను ఇక్కడే చెప్పాలి, అందరి ముందూ. ఎందుకు లాగానో కూడా కలిపి చెప్పాలి."

"ఎక్కించండి," అన్నాడు స్ట్రాకన్ సిపాయిలతో.

వాళ్ళు పడవలోంచి లేచేలోపు రేవు పక్కన కదలిక మొదలైంది. అవద్ బాజుబైర్ భుజాన కాఫీ బస్తాతో వచ్చాడు. మెట్ల మీద ధబ్బున దించాడు. వెనకే ఇంకో హమాలీ, ఇంకో బస్తా. ఆ వెనక ఇంకొకరు. చూస్తుండగానే సిపాయిలకీ జాబెజ్‌కీ మధ్య బస్తాల గోడ లేచింది.

"ఏమిటిది?" అని అరిచాడు స్ట్రాకన్.

"సరుకు దించుతున్నాం దొరా," అన్నాడు అవద్, మొహం తుడుచుకుంటూ. జాబెజ్ ఆ మాటని ఇంగ్లీషులోకి మార్చి, తనే ఇంకాస్త కలిపాడు. "ఇది రేవు కదా. పని జరుగుతోంది. దారి లేదు."

"నువ్వు తోటలకి పోలేదా?" అని గొంతు తగ్గించి అడిగాడు జాబెజ్.

"పిల్లల్ని పంపాను. నేను పోతే నీ బస్తాలెవడు మోస్తాడు? నీకు త్రాసు పట్టడం కూడా రాదు."

హమాలీలు బస్తాల మీద ఎక్కి కూర్చున్నారు. రొట్టెలవాడు వచ్చాడు. కళ్ళు మండిన మంగలివాడు వచ్చాడు. ఎవరూ కత్తి దూయలేదు. ఊరికే కూర్చున్నారు. స్ట్రాకన్ ఆ జనాన్ని చూశాడు. నవ్వు ఆపుకోలేకపోతున్న తన నావికుల్ని చూశాడు. తల వంచుకుని కూర్చున్న నెటిల్‌షిప్‌ని చూశాడు. ఇక్కడ కాల్పులు జరిగితే, బొంబాయికి వెళ్ళాక తను చెప్పుకోవాల్సిన కథ అంత తేలిగ్గా ఉండదని అతనికి తట్టినట్టుంది.

"హాల్రాయిడ్," అన్నాడు చివరికి, "నీ ఇంటి మీద మన జెండా ఉంది. ఈ క్షణం నుంచి దాని కింద నీకు చోటు లేదు. మన ఓడ ఏదీ నీ సరుకు ఎక్కించుకోదు. నీకేం జరిగినా మాకు సంబంధం లేదు. చచ్చిపోయినా నిన్ను అడిగేవాడు ఉండడు."

"నిన్నటిదాకా అడిగింది ఎవరు?" అన్నాడు జాబెజ్. "జెండా నేనే దించి పంపిస్తాను. ఉతికించి మరీ పంపిస్తాను. దానికి అవసరం ఉంది."

తర్వాత వెనక్కి తిరిగి, అవద్ నడుముకున్న వంకీ కత్తి లాగి, ముర్జాన్ చేతుల కట్లు కోసేశాడు. అమీర్‌ని అడగలేదు. అమీర్ గొడుగు కింద నుంచి చూస్తూ కూర్చున్నాడు. ముసలాయన మణికట్లు రుద్దుకుంటూ, "ఏమయింది? ఏమంటున్నారు?" అని అందరినీ అడగడం మొదలుపెట్టాడు. అవద్ ఆయన చెవిలో నోరు పెట్టి అరిచి చెప్పాల్సి వచ్చింది.

ఓడ సాయంత్రం లంగరు ఎత్తింది. ఉత్తినే పోతే పరువు పోతుందనుకున్నారేమో, వెళ్తూ వెళ్తూ నాలుగు ఫిరంగి గుళ్ళు పేల్చారు. మూడు సముద్రపు ఒడ్డు ఇసకలో పడ్డాయి. నాలుగోది జాబెజ్ ఇంటి మేడ మీది గదిని సగం కూల్చేసింది. అతను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి వలెత్త సున్నపు దుమ్ముతో నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా అయ్యి, వాకిట్లో నిలబడి, సముద్రం వైపు చెయ్యి ఊపుతూ వాళ్ళ భాషలో తిడుతోంది. ఆ తిట్లు అతనికి సగమే అర్థమయ్యాయి. ఆ సగమే చాలనిపించింది.

"దెబ్బ తగిలిందా?"

"నాకేం కాలేదు. మెంతిపిండి గిన్నెలో మట్టి పడింది. మళ్ళీ మొదట్నించీ గిలకొట్టాలి. దొంగ వెధవలు!"

జాబెజ్ ఆమె చేతులు పట్టుకుని చాలాసేపు ఇటుకల మధ్యే కూర్చున్నాడు.

అమీర్ కూడా ఊరుకోలేదు. తన ముందే తన ఖైదీ కట్లు కోసినందుకు, ఆ ఏడంతా జాబిర్ రేవులో కాలు పెట్టకూడదని చాటింపు వేయించాడు. మర్నాడు పొద్దున జాబెజ్ యథాప్రకారం టోపీ పెట్టుకుని రేవుకి వెళ్ళాడు. కాపలా సిపాయిలు ఇద్దరూ సముద్రంలో ఏదో అద్భుతం కనిపించినట్టు అటు తిరిగి నిలబడ్డారు. అతను లోపలికి పోయాడు. ఆ చాటింపు ఎవరూ రద్దు చెయ్యలేదు, ఎవరూ అమలు చెయ్యలేదు.

కష్టం మాత్రం నిజంగానే పడ్డాడు. ఇంగ్లీషు ఓడలు అతని సరుకు ముట్టలేదు. చిన్న చిన్న అరబ్బు పడవల్లో జిద్దాకీ సూయెజ్‌కీ పంపించాడు. ఒక పడవ మునిగింది. కూలిన గది రెండేళ్ళు అలాగే ఉండిపోయింది. వానాకాలపు చినుకులు రెండు పడినా కింద గిన్నెలు పెట్టుకోవాల్సి వచ్చేది. తర్వాత అమెరికా ఓడలు కాఫీ కోసం రావడం మొదలైంది. వాళ్ళకి ఇంగ్లీషు జెండాతో పనిలేదు. అప్పటికి గాని ఇల్లు కుదుటపడలేదు.

నెటిల్‌షిప్ ఆ మధ్యలోనే ఒకసారి తిరిగొచ్చాడు. ఇంకో ఓడ కుదుర్చుకుని, కాఫీ కొనడానికి. బజారులో సరుకు దొరికింది. అమ్మేవాళ్ళకేం, అమ్మారు. ఓడకి ఎక్కించేవాళ్ళే దొరకలేదు. బస్తాలు రేవు మీద ఎండకి ఎండుతూ పడి ఉన్నాయి. రెట్టింపు కూలి ఇస్తానన్నాడు. హమాలీలందరికీ ఒకేసారి నడుం నొప్పి వచ్చింది.

"నీ సరుకు నువ్వే మోసుకో," అన్నాడు అవద్. "మాకు ఈ ఏడు ఒంట్లో బాగాలేదు."

చేసేది లేక నెటిల్‌షిప్ జాబెజ్ ఇంటికి వచ్చాడు. వలెత్త తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా పక్కకి తప్పుకుంది.

"హాల్రాయిడ్, జరిగిందేదో జరిగిపోయింది," అన్నాడు నెటిల్‌షిప్ టోపీ చేతిలో తిప్పుకుంటూ. "వాళ్ళు మీ మాట వింటారు. ఒక్క మాట చెప్పండి. ఎంతైనా మనిద్దరం ఒకే దేశంవాళ్ళం."

"నీళ్ళబావి దారిలో ముర్జాన్ గుడిసె ఉంది," అన్నాడు జాబెజ్. "వెళ్ళి ఆయన ముందు నిలబడి తప్పయిందని చెప్పు. గట్టిగా చెప్పు, ఆయనకి వినపడదు. వీధంతా వినపడాలి. ఆ తర్వాత అవద్‌తో నేను మాట్లాడతాను."

నెటిల్‌షిప్ మొహం ఎర్రబడింది. "ఒక నీళ్ళు మోసేవాడి ముందా?"

"ఆయన ముందే."

అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ముర్జాన్ గుడిసె వైపు వెళ్ళలేదు. కొన్న కాఫీ కొన్నట్టే వదిలేసి, ఓడలో బరువు కోసం ఇసక పోయించుకుని తెరచాపలెత్తాడు. మళ్ళీ మోఖాలో కనపడలేదు.

ఆ పొద్దున జాబెజ్ రేవులోనే ఉన్నాడు. ఓడ కనుమరుగవుతుంటే హమాలీలు పని ఆపి చూస్తున్నారు. ముర్జాన్ అందరికీ నీళ్ళు పోస్తున్నాడు. తన వంతు గ్లాసు గడగడా తాగేసి జాబెజ్ త్రాసు వైపు తిరిగాడు.

"ఏం చూస్తున్నారు అంతా? ఎప్పుడూ ఓడ చూడలేదా? అవద్, బొటనవేలు తియ్యి!"

"తియ్యను," అన్నాడు అవద్.

ఇద్దరూ ఎండ ముదిరేదాకా పోట్లాడుకున్నారు.